కదలకుమీ ధరాతలమ: ఆ 'మ' పొట్టిదా, పొడుగుదా?

కాపురాల గుట్టకింద: మనుమరాలికి సాంఘికంల భూమి పొరలు చెప్తుంటే మొల్ల రామాయణంల రాముడు శివుని విల్లు ఎక్కుపెట్టేటప్పటి పద్యం నోటికొచ్చింది. "కదలకుమీ ధరాతలమా, కాశ్యపిఁ బట్టు ఫణీంద్ర..." అటెన్క తాబేలు, పంది, ఏనుగులు. ఎవరు ఎవర్ని మోస్తరో వరుస యాదికొస్తలేదు. జర చెప్పుండ్రి.

పానగల్లు పాతకాపు: వరుస తర్వాత సారూ. 'ధరాతలమా' కాదు, 'ధరాతలమ'. చంపకమాల గదా, నాలుగో గణం 'మకాశ్య', జగణం, అంటే పొట్టి-పొడుగు-పొట్టి. దీర్ఘమిస్తే పద్యం కుంటుతది.

దేవరకొండ పంతులు: హరికథల్ల అందరూ 'మా' అనే సాగదీస్తరు, చెవికింపుగనే ఉంటది.

పానగల్లు పాతకాపు: పాడేటప్పుడు ఎంతన్నా సాగదియ్యుండ్రి. రాసేటప్పుడు వద్దు.

పాలమూరు బండలు: నాకు 'మ' కన్నా 'తల' మీద మనసు. మొల్ల ఉత్త 'ధర' అనలే. నిజంగ జరిగేది పైభాగమే. కేంద్రం దాకా 6,371 కి.మీ. అయితే, ఖండాల కింద పటలం, అంటే పైపెంకు, సుమారు 35 కి.మీ., దానికింద ప్రావారం 2,900 దాకా, ఆ లోపల కేంద్రమండలం. పటలం, ప్రావారం పైఅంచు కలిసి 100 కి.మీ. అటుఇటు మందంతోని పలకలైతయి. వాటికింద ఉన్నది కూడ రాయే, కరిగిన పులుసు కాదు. కాకపోతే వేడికి మెల్లగ సాగుతది, పలకలు దానిమీద జరుగుతయి. మన పలక ఏటా 5 సెం.మీ. దాకా ఈశాన్యానికి పోతనే ఉంటది. సుమారు 5 కోట్ల ఏండ్ల కింద ఆసియాకు గుద్దుకుంటే హిమాలయాలు లేచినయి. మొల్ల ఎంత బతిమాలినా ఆగదు.

పానగల్లు పాతకాపు: అన్నా, 'తల'కు అంత బరువు ఎక్కియ్యకు. భూతలమన్నా భూమే. అదే పద్యంల 'కాశ్యపి' ఉన్నది, 'ధరణి' ఉన్నది. మూడు పేర్లకు మూడు పొరలంటవా?

పాలమూరు బండలు: అంటే మాత్రం తప్పేంది?

కోదాడ కోడలు: దీనికి మూలం 'పృథ్వి స్థిరా భవ' శ్లోకం, సంస్కృత హనుమన్నాటకంల చూడుండ్రి. అండ్ల భూమి, పాము, తాబేలు, దిగ్గజాలే. పంది లేదు. వరాహాన్ని తెచ్చింది మొల్లే.

కాపురాల గుట్టకింద: మా గుట్ట సంగతేంది మరి? ఇది కూడ గుద్దుకుంటెనే లేచిందా?

పాలమూరు బండలు: లేదు సారూ. మీది సుమారు 250 కోట్ల ఏండ్ల గ్రానైటు. లోపలెక్కడో గడ్డకట్టిన రాయి, పైనున్నదంత వానకు, గాలికి కొట్టుకపోతే బయటపడ్డది. మనం పలక నడుమ ఉన్నం, అంచులు దూరం. నడుమ ఉన్నంత మాత్రాన ధీమా లేదు, 1993ల లాతూరు భూకంపం చూసినం గదా.

దేవరకొండ పంతులు: మన్ను ముచ్చటంటే పోతనదే. "అమ్మా! మన్ను దినంగ నే శిశువునో..." తిన్నది పిడికెడు మన్ను, నోరు తెరిస్తే బ్రహ్మాండం.

కోదాడ కోడలు: 'మన్నుఁ దినంగ' సారూ. అరసున్నను గూడ మన్నుతోటి మింగిన్రు.

పానగల్లు పాతకాపు: ఎక్కడి అరసున్న మేడం? మన్ను జడం, ప్రాణంలేనిది, దానికి ద్వితీయ బదులు ప్రథమొచ్చింది. ప్రథమ మీది పరుషాలకు గసడదవలు, అందుకే 'తినంగ' 'దినంగ' అయింది. చిన్నయసూరి వ్యాకరణం తీయుండ్రి.

కోదాడ కోడలు: తీసిన. 'బహుళంబుగా' అన్నడు, అంటే అన్నిసార్లు కాదు, అది కూడ చదువుండ్రి.