‘ఓపెన్ టీచింగ్’ను ‘ఉచిత బోధన’ అంటే సరిపోతుందా?

మన గ్రూపులో ఒక లెక్చరర్ గారు అడిగారు: జాతి వివక్ష మీద తోటి అధ్యాపకులతో పంచుకునే పాఠాలకు తెలుగులో శీర్షిక కావాలి, ‘యాంటీ రేసిస్ట్, ఓపెన్ టీచింగ్’ను ఏమనాలి అని. ఎక్కువమంది ‘జాత్యహంకార వ్యతిరేక ఉచిత బోధన’ అన్నారు. నాకు రెండు మాటలతోనూ ఇబ్బంది ఉంది.

ఉచితం అంటే డబ్బు తీసుకోనిది, అంతే. ఓపెన్ పాఠ్యపుస్తకాన్ని ఊరికే చదువుకోవడమే కాదు, మన పిల్లలకు తగ్గట్టు మార్చుకోవచ్చు, తెలుగులోకి తెచ్చుకోవచ్చు, మళ్లీ పంచవచ్చు. తెలుగు వికీపీడియా ‘స్వేచ్ఛా విజ్ఞాన సర్వస్వం’ అని చెప్పుకునేది అందుకే. ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అన్న ఒక్క మాటలో ఇరుక్కున్న రెండు అర్థాలకు మనకు వేర్వేరు మాటలున్నాయి. వాటిని మనమే కలిపేయడం ఎందుకు?

ఇంకో సంగతి. దక్షిణాఫ్రికాలో ఈ ‘ఓపెన్’కు పాత అర్థం ఒకటుంది. కేప్‌టౌన్, విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయాలు నల్లవాళ్లను, భారతీయులను కూడా చేర్చుకునేవి కాబట్టి తమను ‘ఓపెన్ యూనివర్సిటీలు’ అని చెప్పుకునేవి. మంత్రి అనుమతి లేకుండా వాళ్లెవరూ చేరకూడదని 1959లో చట్టం వచ్చింది. దాని పేరు ‘విశ్వవిద్యాలయ విద్యా విస్తరణ చట్టం’! తలుపు మూసే చట్టానికి విస్తరణ అని పేరు. చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. 1961లో భారతీయ సంతతి పిల్లలకు డర్బన్ రేవులోని సాలిస్‌బరీ దీవిలో విడిగా కాలేజీ తెరిచారు. 1860 నుంచి నేటాల్ చెరకు తోటలకు కూలికి వెళ్లినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల మనవలనూ ఆ చట్టం భారతీయుల లెక్కలోనే వేసింది.

అందుకే ‘జాత్యహంకారం’ అన్న మాట చాలదంటాను. అహంకారం మనిషి మనసులో ఉండేది. ఇక్కడ ఉన్నది చట్టం, సీటు, సిలబస్. ‘వివక్ష’ అంటే ఎవరికి ఏం దక్కలేదో కనిపిస్తుంది.

‘వర్ణవివక్ష’ అనొచ్చు కదా అని కింద ఒకరు రాశారు. ఆనాటి దక్షిణాఫ్రికా పాలనకు మన పత్రికల్లో ఆ మాట స్థిరపడింది, అక్కడికి బాగుంది. మిగతా చోట్ల వాడితే మాత్రం చాతుర్వర్ణ్యం గుర్తొచ్చి అర్థం పక్కకు పోతుంది. కులం మాట వేరేగా, సూటిగా రావాలి. 2001లో డర్బన్‌లోనే ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష వ్యతిరేక సదస్సు జరిగింది. కులాన్నీ అందులో చేర్చాలని దళిత సంఘాలు పట్టుబట్టాయి, భారత ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆ వాదన క్లాసులో చెప్పాలంటే రెండు మాటలూ విడిగా ఉండాలి కదండీ.

నేనైతే ‘జాతి వివక్షను ఎదిరించే చదువు, అందరికీ తెరిచిన పాఠాలు’ అని పెడతాను. కాస్త పొడుగే, కానీ డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకు కూడా వివరణ అక్కర్లేదు. పాఠాలను ఎవరెలా వాడుకోవచ్చో చెప్పే లైసెన్సు దగ్గర మాత్రం ‘స్వేచ్ఛా లైసెన్సు’ అనే రాయండి.