పురుగుమందు ఖాళీ డబ్బాలు ఇంట్లో వాడుతున్నారా? మీ అనుభవాలు చెప్పండి

పల్నాటి ఆడపడుచు
అందరికీ నమస్కారం. సంక్రాంతికి పుట్టింటికి వెళ్లినప్పుడు వంటింటి అటక మీద కందిపప్పు పోసి ఉంచిన తెల్ల ప్లాస్టిక్ డబ్బా ఒకటి కనిపించింది. కాగితం చాలావరకు చిరిగిపోయినా, మూలన వజ్రాకారపు గుర్తు, దాని కింది సగంలో పసుపు రంగు మిగిలి ఉండడంతో అది మిరప తోటకు కొట్టిన మందు డబ్బా అని తెలిసింది. సబ్బుతో కడిగి నాలుగు రోజులు ఎండలో పెట్టాకే వాడుతున్నామని అమ్మ అంటోంది. వాసన కూడా రావడం లేదు. ఇలాంటివి ఇంట్లో ఏడెనిమిది ఉన్నాయి. కడిగితే నిజంగా పోతుందా?

కొట్టువాడు
అమ్మా, 22 ఏళ్లుగా పురుగుమందుల దుకాణం నడుపుతున్నవాడిగా చెబుతున్నాను, పోదు. మనం వాడే మందుల్లో చాలావాటిని నూనెలాంటి ద్రావకంలో కలిపి తయారు చేస్తారు. నీళ్లలో పోయగానే పాలలా తెల్లబడేది అందుకే. ఆ ద్రావకంతో పాటు మందు కూడా కొంత ప్లాస్టిక్ గోడలోకి ఇంకుతుంది. సబ్బు పైపొరను కడుగుతుందే గాని లోపల ఇంకినదాన్ని లాగలేదు, ఆ తరువాత పోసిన నూనె మాత్రం దాన్ని మెల్లగా బయటికి లాగుతుంది.

రంగుల సంగతి కూడా చెప్పాలి. ఎరుపు అత్యంత విషం, పసుపు అధిక విషం, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ స్వల్పం. ఆకుపచ్చ గుర్తు చూసి “ఇది మంచి మందు” అని అడిగి పట్టుకెళ్లేవాళ్లను రోజూ చూస్తుంటాను. ఆ రంగు చెప్పేది ఎంత మోతాదు ఒంట్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుందన్న ఒక్క విషయమే. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పోతే ఏమవుతుందో అది చెప్పదు.

మెట్టరైతు
మా తాతల నాటి నుంచి ఈ డబ్బాల్లోనే విత్తనాలు, పప్పులు దాచుకుంటున్నాం. ఎవరికీ ఏమీ కాలేదు. అనవసరంగా భయపెట్టకండి.

నర్సు, ప్రభుత్వాసుపత్రి
మెట్టరైతు గారూ, మీ ఇంట్లో ఏమీ కాకపోవడం సంతోషమే. కానీ 2013 జులైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలు చనిపోయారు. వంటకు వాడిన నూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్టు ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. మన పత్తి, మిరప చేలల్లో ఏళ్ల తరబడి కొట్టిన “మోనో” అదే. కూరగాయల మీద దాని వాడకాన్ని 2005లోనే నిషేధించినా, పత్తి పేరుతో కొన్న డబ్బా వంగతోటకు వెళ్లడాన్ని ఎవరు ఆపారు?

ఈ జాతి మందులు నరాలకూ కండరాలకూ మధ్య సంకేతాన్ని ఆపవలసిన ఎంజైమును పనిచేయనివ్వవు. అందువల్ల నోటి నుంచి చొంగ కారుతుంది, చెమటలు పోస్తాయి, కంటిపాపలు సూదిమొనంత అవుతాయి, ఊపిరి అందదు. ఆసుపత్రిలో దానికి విరుగుడుగా అట్రోపిన్ అనే మందు ఎక్కిస్తాం. మీరు చేయవలసిన పని ఒకటుంది: రోగితో పాటు ఆ డబ్బాను కూడా తీసుకురండి. ఏ మందో తెలియక మేము పోగొట్టుకునే అరగంట చాలా విలువైనది. ఉప్పునీళ్లు తాగించి వాంతి మాత్రం చేయించకండి. ద్రావకం ఊపిరితిత్తుల్లోకి పోతే మరింత ప్రమాదం.

విశ్రాంత ఉపాధ్యాయుడు
డబ్బాలకు ముందు మాకు పొడులు ఉండేవి. మా చిన్నతనంలో మలేరియా సిబ్బంది గోడలకు డీడీటీ కొట్టి వెళ్తే, అమ్మలు ఆ గోడల మీదే మళ్లీ ముగ్గులు వేసేవారు. తలలో పేలకు గమాక్సిన్ పొడి రాసి గుడ్డ చుట్టేవారు. ఆ గమాక్సిన్‌లో పనిచేసే పదార్థమైన లిండేన్ వాడకాన్ని మన దేశంలో 2013లో నిషేధించారు. అంతకు రెండేళ్ల ముందే, కేరళలోని కాసరగోడు జీడితోటల కింది పల్లెల గోడు విన్న తరువాత, ఎండోసల్ఫాన్ అనే పురుగుమందును సుప్రీంకోర్టు ఆపించింది. అప్పుడు పోసిన పొడి మా నేలల్లో ఇంకా ఎంత ఉందో అనిపిస్తుంది.

పత్తిచేను ఇల్లాలు, వరంగల్
డబ్బాలు సరే, బట్టల మాటేమిటి? మా ఆయన మందు కొట్టి వచ్చిన లుంగీ, తువాలును నేను ఏళ్లపాటు పిల్లవాడి బట్టలతో కలిపి ఒకే తొట్టిలో నానబెట్టాను. తలనొప్పి వస్తే ఎండదెబ్బ అనుకునేదాన్ని. 2017లో యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మంది వరకు కూలీలు చనిపోయారని పేపర్లో చదివాక గాని నాకు అనుమానం రాలేదు. ఇప్పుడు ఆ బట్టలకు వేరే బక్కెట్టు ఉంది, అది పెరట్లోనే ఉంటుంది. ముఖానికి మాస్కు, చేతులకు తొడుగులు వేసుకోమని అందరూ చెబుతారు గాని, భాద్రపదపు ఎండలో పంపు వీపున వేసుకుని అవి తొడుక్కోవడం ఎంత కష్టమో చెప్పేవాళ్లకు తెలియదు. కనీసం పొద్దున్నే, గాలివాలు చూసుకుని కొట్టడం మొదలుపెట్టారు.

మరొక మాట. గింజల్లో పురుగు పట్టకుండా వేసే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు ఉన్న గదిలో ఎవరినీ పడుకోనివ్వకండి. తేమ తగిలితే వాటి నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది, దానికి విరుగుడు మందు లేదు.

మెట్టరైతు
బిళ్లల సంగతి నాకు తెలియదు. మా గాదె గది పడకగదికి ఆనుకునే ఉంది. ఈ రాత్రే మంచం మారుస్తాను.

పల్నాటి ఆడపడుచు
అందరికీ కృతజ్ఞతలు. లెక్కపెడితే పదకొండు డబ్బాలు తేలాయి. పప్పు పారబోయడానికి అమ్మ ఒప్పుకోలేదు, కోళ్లకు వేస్తానంది. కోళ్ల గుడ్లు తినేది మనమే కదా అన్నాక ఊరుకుంది. ఇప్పుడు చిక్కు వేరే ఉంది: పారవేయడం ఎలా? కొన్న దుకాణంవాళ్లు వెనక్కి తీసుకోం అన్నారు, పాత సామానువాడు మాత్రం కిలో లెక్కన కొంటానంటున్నాడు.

కొట్టువాడు
పాత సామానువాడికి ఇవ్వకండి, అవి మళ్లీ ఎవరి వంటింటికో చేరతాయి. కాల్చకండి, పొగ ఇంకా చెడ్డది. ఇకమీదట మందు కలిపేటప్పుడే డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీళ్లను పంపులోనే పోసుకుని చేలో కొట్టేయండి. ఉన్న పదకొండింటికీ అడుగున మేకుతో చిల్లులు పెట్టండి. చిల్లి డబ్బాలో ఎవరూ నూనె పోయరు. పగలగొట్టి ఊరికి దూరంగా పాతిపెట్టాలని నిబంధనలు చెబుతాయి గాని, మీ బావికి, చెరువుకు దగ్గరలో మాత్రం వద్దు.