కొండెక్కి ఇరుక్కుంటే ఖర్చు ఎవరిది?

పర్లాకిమిడి వాసి: ఒడిశాలో మా మహేంద్రగిరి ఎక్కడానికి జనం వానల్లో కూడా హవాయి చెప్పులతో, ఒక్క నీళ్ల సీసాతో వచ్చేస్తున్నారండీ. 1501 మీటర్ల కొండ అది, పొగమంచు కమ్మేస్తే పక్క మనిషి కనపడడు. దారి తప్పితే వెతకడానికి వెళ్లేది కింద ఊళ్ల సవర కుర్రాళ్లు, ఆ రోజు కూలి పోగొట్టుకుని. ఆ ఖర్చు దారి తప్పినవాళ్ల దగ్గరే వసూలు చేయొద్దా?

కోరాపుట్ వాసి: చేయాలి, కానీ ముందు మనిషిని దించాక. బిల్లుకి భయపడి చీకటి పడేదాకా ఫోన్ చేయకపోతే, చెయ్యి పట్టుకుని నడిపించి తేవాల్సినవాణ్ణి డోలీ కట్టి మోయాల్సి వస్తుంది.

రాయగడ నుంచి: అమెరికాలో న్యూ హాంప్‌షైర్‌లో నిర్లక్ష్యం ఉంటేనే ఖర్చు అడుగుతారు. ముందే 25 డాలర్లతో హైక్ సేఫ్ కార్డు కొన్నవాళ్లకు ఆ బిల్లు ఉండదు, మరీ తెగించి ప్రాణాల మీదకు తెచ్చుకుంటే మాత్రం కార్డున్నా కట్టాల్సిందే. ఇక్కడ కోరాపుట్ వైపు దేవమాలి కొండకి వచ్చే బళ్ల దగ్గర కూడా అలా చిన్న రుసుం తీసుకుని తాళ్లకి, టార్చిలైట్లకి, వెతికేవాళ్ల కూలికి పెట్టొచ్చు కదా.

పర్లాకిమిడి వాసి: ఇది నచ్చింది. కూలి మాత్రం ఆ రోజే చేతిలో పెట్టాలండీ, ఫైలు కదిలేదాకా ఆగమంటే అన్యాయం.