‘రంది’ని కథలో ఎలా వాడాలి? బుగులు, శోకం అదేనా?

ప్రశ్న (తెనాలి నుంచి):
తెలంగాణలో వరంగల్ వైపు, పరకాల దగ్గరి ఊళ్లో జరిగే కథ రాస్తున్నాను. కొడుకు దుబాయి వెళ్లాక తల్లి పడే బాధకు ‘రంది’ వాడాలనుంది. మా వైపు ‘రంధిలో పడ్డాడు’ అంటే పనిలో మునిగి లోకం మరిచాడని. అక్కడ అర్థం వేరా? ‘రంది పెట్టి ఏడ్చింది’ అనొచ్చా?

జవాబు (హనుమకొండ):
వేరేనండి. ఇక్కడ రంది అంటే లోలోపల కుమిలే దిగులు. ఒత్తు లేకుండా రాయండి, లేకపోతే మీ వైపు పాఠకులు మీ అర్థమే తీసుకుంటారు. ‘రంది పెట్టి ఏడ్చింది’ కుదరదు. రంది పెట్టుకుంటారు, లేదా రంది పడతారు. ‘పెట్టు’ ఒక్కటే చాలదు, ‘కొను’ చేరాలి. మాటల్లో ప కాస్తా వ అవుతుంది: ‘కొడుకు దుబాయి వోయిన కాన్నుంచి రంది వెట్టుకున్నది. బువ్వ తింటలేదు, బక్కగయింది.’ రంది బయటపడేది ఇట్లాగే, తిండి తగ్గి, ఒళ్లు చిక్కి. కన్నీళ్లు లేకున్నా రంది రందే.

జవాబు (నర్సంపేట):
గొంతెత్తి ఏడ్చేది శోకం. చావింట్లో ఆడవాళ్లు పోయినవాళ్లను వరసతో పిలుస్తూ, వాళ్ల మంచిచెడులు రాగం తీసి తలుచుకుంటూ ఏడవడాన్ని ‘శోకం పెట్టుడు’ అంటారు. బతికున్న కొడుకు కోసం తల్లితో శోకం పెట్టించకండి. చదివేవాళ్లు ఆ పిల్లగాడు చచ్చిపోయాడనుకుంటారు. గోల చేసే పిల్లలను కసరడానికి ‘ఏం శోకాలు వెడ్తానవ్’ అంటారు, అది వేరు.
బుగులు అంటే భయం. కొడుకు ఫోన్ రాకపోతే ‘పాణం బుగులైతాంది’ అంటుంది తల్లి. ఫోన్ వస్తే బుగులు తీరుతుంది, రంది తీరదు. మీ కథకు ఈ తేడా బాగా పనికొస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
పొరుగామె ఓదార్చేటప్పుడు ‘ఫికర్ చెయ్యకు’ అనిపించాను. సరేనా?

జవాబు (హనుమకొండ):
తప్పు కాదు, కానీ తేలికైపోతుంది. ఉర్దూ మీదుగా వచ్చిన ఆ మాట ఎక్కువగా పైసలకో, ఆగిన పనికో చెప్పేది. ఇక్కడ ‘రంది వెట్టుకోకక్కా, పిలగాడు పైలంగనే (క్షేమంగానే) ఉంటడు’ అనిపించండి. ఇంకొకటి, క్రియలు కూడా చూసుకోండి. వరంగల్, కరీంనగర్ వైపు ‘అయితాంది, పోతాండు’ అంటారు. సంభాషణంతా అదే తీరులో సాగాలి. మధ్యలో ‘అవుతోంది’ వస్తే ఆమె ఆ ఊరి మనిషిలా అనిపించదు.