దుకాణంలో చిన్న దొంగతనం: సెక్షన్ 303 కిందికి వస్తుందా, 305 కిందికా?

న్యాయవాదులు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. మా పక్కింటి అబ్బాయికి 19 ఏళ్లు. సూపర్ మార్కెట్‌లో 400 రూపాయల సెంటు సీసా చొక్కాలో దాచుకుని పట్టుబడ్డాడు. వాళ్ల నాన్న అక్కడికక్కడే డబ్బు కట్టినా యజమాని కేసు పెడతానంటున్నారు.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 303(2) ప్రకారం, సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, మొదటిసారి దోషిగా తేలినవారు దాన్ని తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవే శిక్ష. కానీ సొత్తు భద్రపరిచే భవనంలో దొంగతనానికి 305 కింద ఏడేళ్ల వరకు జైలు! దుకాణమూ అలాంటి భవనమే అంటే ఇక ఆ వెసులుబాటు ఎవరికి? మాదీ కిరాణా కొట్టే, నష్టం బాధ నాకు తెలుసు. అయినా ఒక్క సీసాకు అంత శిక్షా?

పోలీసులు మామూలుగా ఏ సెక్షన్ పెడుతున్నారు? రాజీకి వీలుందా?