ఆటోమేటిక్ వాచీ రోజుకు 38 సెకన్లు ముందుకు పోతోంది: రెగ్యులేషన్ చాలుతుందా?

ఆరేళ్ల క్రితం కొన్న నా స్విస్ ఆటోమేటిక్ వాచీ (గంటకు 28,800 బీట్లు, 70 గంటల పవర్ రిజర్వ్, అంటే పూర్తిగా కీ ఇచ్చాక కదపకపోయినా నడిచే సమయం) నెల క్రితం వరకు రోజుకు నాలుగు సెకన్లకు మించి తేడా చూపలేదు. ఇప్పుడు చేతికి పెట్టుకున్న రోజుల్లో 38 సెకన్లు ముందుకు పోతోంది. కింద పడలేదు, నీళ్లు తగలలేదు. అయస్కాంతం పట్టిందేమోనని దిక్సూచి దగ్గర ఉంచితే ముల్లు కదలలేదు. అయినా డీమాగ్నెటైజర్‌తో రెండుసార్లు ప్రయత్నించాను, ఫలితం లేదు. పూర్తిగా కీ ఇచ్చి, డయల్ పైకి ఉండేలా 24 గంటలు బల్లపై ఉంచితే 11 సెకన్లే పెరుగుతోంది, అదే క్రౌన్ (పక్కన కీ తిప్పే బొడిపె) కిందికి వచ్చేలా నిలబెడితే 40 దాటుతోంది. పైగా కదపకుండా వదిలేస్తే 45 గంటలకే ఆగిపోతోంది.

కొన్ని వందల రూపాయల క్వార్ట్జ్ వాచీ ఇంతకంటే కచ్చితంగా నడుస్తుందని తెలియక కాదు. సెకన్ల ముల్లు సెకనుకు ఎనిమిది చిన్న అంగలతో జారుతున్నట్టు సాగడం చూసుకోవడానికే కదా అంత పెట్టి కొన్నది.

ఒక మెకానిక్ రెగ్యులేషన్ (వాచీ నడిచే వేగాన్ని సర్దడం) చాలన్నారు. మరొకరు నూనె ఎండిపోయిందనీ, మొత్తం విప్పి సర్వీసు చేయాలనీ, 60,000 రూపాయలవుతుందనీ చెప్పారు. ఇద్దరూ టైమ్‌గ్రాఫర్‌పై (టిక్కుల శబ్దాన్ని బట్టి వాచీ వేగాన్ని కొలిచే యంత్రం) పెట్టి చూడలేదు.

పొజిషన్‌ను బట్టి ఇంత తేడా, తగ్గిన పవర్ రిజర్వ్ రెండూ కలిసి కనిపించినప్పుడు రెగ్యులేషన్ సరిపోతుందా, లేక పూర్తి సర్వీసు తప్పదా?