15 ఏళ్ల టాటా ఏస్‌కి ఇంజిన్ పని చేయించాలా, కొత్త బండికి వాయిదాలు కట్టాలా?

మధిర టెంట్ హౌస్:

అందరికీ నమస్కారం. మాది మధిర దగ్గర పల్లెటూరు. నాన్నగారు పెట్టిన టెంట్ హౌస్‌ని పదేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. 800 కుర్చీలు, షామియానాలు, వంట సామాను, ఒక జనరేటర్ ఉన్నాయి. ఇవన్నీ మోయడానికి ఒకే బండి, 2011 మోడల్ టాటా ఏస్. డిసెంబరులో సర్పంచ్ ఎన్నికలప్పుడు రోజూ తిరిగింది. ఆఖరి వారంలో వేడెక్కడం మొదలైంది. రేడియేటర్‌లో నీళ్లు తగ్గిపోతున్నాయి, పొద్దున స్టార్ట్ చేస్తే తెల్లపొగ. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైమూత కింది సీలు) పోయింది, విప్పాక బోరింగ్ (అరిగిన సిలిండర్లని లోపల సాపు చేయడం) దాకా వెళ్లొచ్చు, 45 వేలు దగ్గర పెట్టుకో అన్నాడు మెకానిక్. ఉన్నదున్నట్టు అమ్మితే ఆ బండికి లక్ష రావడమే గొప్ప.

కొత్తది తీసుకోమని మా బావగారు గట్టిగా చెబుతున్నారు. 4 లక్షల లోను, 12 శాతం వడ్డీ, 48 నెలలు అంటే నెలకు 10,534 రూపాయలు. ఇప్పుడు శుక్ర మూఢం నడుస్తోంది. 2025 నవంబరు చివర్లో మొదలైంది, 2026 ఫిబ్రవరి మధ్య దాకా పెళ్లిళ్లు లేవు. 2024లో అయితే మే, జూన్ రెండు నెలలూ మూఢంలోనే పోయాయి. పెద్దకర్మలు, పుట్టినరోజులతో ఇల్లు గడిచింది తప్ప చేతిలో ఏమీ మిగల్లేదు. అలాంటి నెలల్లో వాయిదా ఎక్కడి నుంచి తేవాలి? పోనీ పాతదే ఉంచుకుంటే, పెళ్లి రోజు దారిలో ఆగిపోతే? ఈ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. బండి మీద బతికేవాళ్లు చెప్పండి.

పాల క్యాన్ల బండి, నల్గొండ:

తమ్ముడూ, ఆలోచించకుండా కొత్తది తీసుకో. నేనూ పాత బండి మీద మమకారంతో మూడేళ్లు లాగాను. ఊళ్లన్నీ తిరిగి పాలు ఎత్తుకుని కూలింగ్ సెంటర్‌కి చేర్చాలి, రోజుకు 100 కిలోమీటర్లు. ఎండాకాలం గంట ఆలస్యమైతే పాలు పులిసి వెనక్కి వచ్చేవి. రైతుకి డబ్బు నా జేబులోంచి ఇచ్చుకున్న రోజులున్నాయి. పాతది లీటరుకి 14 ఇచ్చేది, కొత్త డీజిల్ బండి 20 ఇస్తోంది. నా వాయిదాలో సగానికి పైగా డీజిల్ మిగులులోనే వెళ్లిపోతోంది. రిపేర్ల కోసం పెట్టిన డబ్బంతా లెక్క వేసుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఆటోనగర్ మెకానిక్, విజయవాడ:

పాలబండి అన్నగారి లెక్క ఆయనకి నిజం. మధిర తమ్ముడికి అది కుదరదు. తమ్ముడూ, నీ బండి ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది? టెంట్ హౌస్ బండ్లు నా దగ్గరికి చాలానే వస్తాయి. చుట్టుపక్కల ఊళ్లే కాబట్టి 6,000 దాటవు. 14 మైలేజీతో 428 లీటర్లు, 20 మైలేజీతో 300 లీటర్లు. తేడా 128 లీటర్లు. లీటరు 96 వేసుకున్నా ఏడాదికి 12,300, అంటే నెలకు వెయ్యి. దానికోసం నెలకు పదివేలు కడతావా? పాలబండి ఏడాదికి 36,500 కిలోమీటర్లు తిరుగుతుంది, అక్కడ తేడా 75 వేలు. అందుకే ఆయన కొత్తది కొని బాగుపడ్డారు.

ఇక ఇంజిన్ సంగతి. పాత ఏస్‌ది 702 సీసీ, రెండు సిలిండర్లే. దింపడం, ఎక్కించడం తేలిక. సామాను ప్రతి ఊళ్లో దొరుకుతుంది. కానీ ఇంజిన్ విప్పించే ముందు ఛాసిస్, అంటే బండి అడుగు ఫ్రేము చూడు. బాడీ కింద పడుకుని, కమాన్ కట్టలు బిగించే చోట, క్యాబిన్ కూర్చునే చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు. రేకు పొరలు పొరలుగా ఊడొస్తుంటే ఇంజిన్‌కి ఒక్క రూపాయి పెట్టకు, అమ్మేసెయ్. గట్టిగా ఉంటేనే ముందుకు వెళ్లు.

గ్యాస్కెట్ ఒక్కటే మార్చి బిగించే పని మాత్రం చేయించకు. హెడ్‌ని లేత్ షాపుకి పంపి ఫేసింగ్ (అడుగు సమంగా ఉందా లేదా) చూపించు, పగులు ఉందేమో పరీక్ష చేయించు. వాటర్ పంపు, హోస్‌లు, థర్మోస్టాట్ ఇప్పుడే మార్చు. వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకి పారేసేవాళ్లుంటారు, ఒప్పుకోకు. అసలు జబ్బు రేడియేటర్‌లో ఉంటుంది. మన పల్లెల్లో బోరు నీళ్లు పోస్తారు. ఆ నీళ్లలోని సున్నం సన్న గొట్టాల్లో పేరుకుని దారి మూసేస్తుంది. ఇంట్లో నీళ్లు కాచే గిన్నెకి అడుగున పట్టే తెల్ల పెచ్చు లోపల కూడా పడుతుందన్నమాట. రేడియేటర్ విప్పి రాడ్ కొట్టించి (గొట్టాల్లో సన్న కడ్డీ దూర్చి శుభ్రం చేయించి), ఇకనుంచి కూలెంట్ తప్ప ఇంకేమీ పోయకు. ఇది చేయకపోతే కొత్త గ్యాస్కెట్ కూడా ఆర్నెల్లకే పోతుంది.

వంటల కాంట్రాక్టు, తెనాలి:

మెకానిక్ అన్నయ్యా, మీ లెక్కల్లో నెలవారీ ఖర్చే కనిపిస్తోంది. పెళ్లిపందిరి దగ్గర నిలబడి ఎదురుచూసే పెళ్లికూతురి తండ్రి అందులో లేడు.

రెండేళ్ల కిందట మా పాత బండి కాలవగట్టు మీద ఆగిపోయింది. లోపల 400 మందికి మధ్యాహ్న భోజనం. సాంబారు గుండిగలు, అన్నం డేగిసాలు. క్లచ్ ప్లేటు పోయిందని తర్వాత తెలిసింది. పొలంలో ఉన్న ట్రాక్టర్‌ని బతిమాలి, ట్రాలీ కడిగించి, వంటలు ఎక్కించి చేరేసరికి రెండున్నర. ముసలివాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు ఆకలితో కూర్చుని ఉన్నారు. ఆ తండ్రి నన్ను ఒక్క మాట అనలేదు, డబ్బు కూడా పూర్తిగా ఇచ్చాడు. ఆ మౌనం నేను మర్చిపోలేను. ఆ బంధువుల్లో మాట్లాడుకున్న రెండు పెళ్లిళ్లు వేరేవాళ్లకి వెళ్లిపోయాయి. ముహూర్తం ఎవరి కోసమూ ఆగదు తమ్ముడూ. నేను కొత్తది తీసుకున్నాను, మూఢంలో వాయిదా కోసం గాజులు తాకట్టు పెట్టిన నెల కూడా ఉంది. అయినా ఆ రోజు పడ్డ నరకం కంటే అదే నయం.

పాల క్యాన్ల బండి, నల్గొండ:

అక్క చెప్పింది నిజం. మెకానిక్ అన్నగారి కిలోమీటర్ల లెక్క కూడా ఒప్పుకుంటున్నా. నేను అలా చూడలేదు.

డ్రైవర్, సత్తుపల్లి:

నేను ఓనర్ని కాదు. 12 ఏళ్లుగా వేరేవాళ్ల బండ్లు తోలుతున్నాను, అందులో ఒక టెంట్ హౌస్ కూడా ఉంది. ఇంజిన్ గురించి ఇంతమంది రాశారు, బ్రేకు గురించి ఒక్కరూ రాయలేదు. ఇంజిన్ ఆగితే పెళ్లి ఆలస్యమవుతుంది. బ్రేకు పడకపోతే మనుషులు పోతారు.

ప్లాస్టిక్ కుర్చీ రెండున్నర కిలోలు అనుకోండి. 300 కుర్చీలకే 750 కిలోలు, ఏస్ మోసే బరువు అంతే. కుర్చీలు తేలిక కదా అని పైన ఇనుప గుంజలు వేస్తారు, జనరేటర్ ఇంకో ట్రిప్పు ఎందుకని దాన్నీ ఎక్కిస్తారు, ఆ పైన టెంటు వేసే కుర్రాళ్లు నలుగురు కూర్చుంటారు. 15 ఏళ్ల బండికి చక్రాల్లో బ్రేకు వేసే వీల్ సిలిండర్లు కారుతుంటాయి, హ్యాండ్ బ్రేకు పేరుకే ఉంటుంది. రాత్రి రెండింటికి సామాను దింపి వచ్చేటప్పుడు ఎదురుగా గేదె వస్తే నా కాలు పెడల్ మీద పడ్డాక బండి ఎక్కడ ఆగుతుందో దేవుడికే తెలియాలి. ఆ కుర్రాళ్లు పద్దెనిమిదేళ్ల పిల్లలు. వాళ్లని వద్దని నేనంటే ఓనరు కోప్పడతాడు, ఆటోకి డబ్బులు ఎవరిస్తారంటాడు.

పాతదే ఉంచుకోండి, తప్పులేదు. కానీ 45 వేలలో మొదట బ్రేకులు, టైర్లు, తర్వాత ఇంజిన్. కుర్రాళ్లకి ఆటో మాట్లాడండి అన్నా. చేతులెత్తి అడుగుతున్నా.

బండి కాగితాల పనులు, ఖమ్మం:

డ్రైవర్ తమ్ముడు చెప్పిన చోటే ఇన్సూరెన్స్ కూడా తెగిపోతుంది. గూడ్స్ బండి లోడ్ మీద ఊరికే ఎక్కి కూర్చున్నవాళ్లకి పాలసీ వర్తించదు. సామాను ఎక్కించి దించే పనివాళ్లకి అదనంగా కట్టి రాయించుకోవచ్చు, అదైనా ఆర్‌సీలో ఉన్న సీట్ల వరకే. ఏదైనా జరిగితే పరిహారం ఓనరు ఇంటి మీదికి వస్తుంది. ఓవర్‌లోడ్ పట్టుబడితే జరిమానా 20 వేలు, ఎక్కువైన ప్రతి టన్నుకీ ఇంకో 2 వేలు.

15 ఏళ్లు దాటితే బండి తుక్కుకే అనే మాట పల్లెల్లో బాగా తిరుగుతోంది. అది భయపెట్టి తక్కువ ధరకి కొనేవాళ్లు మొదలుపెట్టిన మాట. డీజిల్‌కి 10 ఏళ్లు, పెట్రోలుకి 15 ఏళ్లు అన్న గడువు ఢిల్లీ ప్రాంతానిది. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటగానే రిజిస్ట్రేషన్ రద్దయింది ప్రభుత్వ వాహనాలకి. మన సొంత బండి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) పాసైతే తిరగొచ్చు.

ఖర్చు పెరిగిన మాట మాత్రం వాస్తవం. ఎనిమిదేళ్లు దాటిన గూడ్స్ బండికి ఏటా ఎఫ్‌సీ చేయించాలి. 2022 ఏప్రిల్ నుంచి 15 దాటిన లైట్ గూడ్స్ బండికి ఫీజు 7,500 చేశారు. 2025 నవంబరులో మళ్లీ మార్చి, పెంచిన ఫీజులు పదేళ్ల నుంచే మొదలయ్యేలా పెట్టారు. 20 దాటితే 15,000. గడువు దాటితే రోజుకు 50 అదనం. మూఢంలో బండి ఖాళీగా ఉందని ఎఫ్‌సీ వదిలేసి, సీజన్ మొదలయ్యాక పరుగెత్తుకొచ్చేవాళ్లని ప్రతి ఏడూ చూస్తున్నాను. ఎఫ్‌సీ లేని రోజు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ కంపెనీ పట్టుకునే మొదటి పాయింట్ అదే.

థర్డ్ పార్టీ ప్రీమియం (ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి కట్టేది) పాతదానికీ కొత్తదానికీ ఒకటే. 2022 నాటి రేటు ప్రకారం 7,500 కిలోల లోపు గూడ్స్ బండికి 16,049, జీఎస్టీ వేరు. లోను మీద కొంటే ఫుల్ ఇన్సూరెన్స్ కూడా తీసుకోమంటారు, ఆ డబ్బు మీ 10,534లో లేదు.

కూరగాయల వ్యాపారం, మదనపల్లె:

మధ్యలో దారి ఒకటుంది. సెకండ్ హ్యాండ్‌లో 2018, 2019 బండి చూడండి. కొత్త బీఎస్ 6 (పొగ నిబంధన) బండ్లలో సెన్సర్ లైటు వెలిగితే స్కానర్ ఉన్న షోరూమ్‌కే పోవాలి. 2020 ఏప్రిల్‌కి ముందువాటిని మన ఊరి మెకానిక్ చూడగలడు.

బండి కాగితాల పనులు, ఖమ్మం:

సెకండ్ హ్యాండ్ ఫైనాన్స్‌లో ఫ్లాట్ వడ్డీ జాగ్రత్త. 2 లక్షలకి 10 శాతం ఫ్లాట్, మూడేళ్లు అంటే వడ్డీ 60 వేలు, నెలకు 7,222. వినడానికి 10 శాతమే. కట్టిన అసలు మీద కూడా చివరిదాకా వడ్డీ కడతారు కాబట్టి బ్యాంకు పద్ధతిలో చూస్తే అది 18 శాతం. అంతకంటే ముద్ర లోనుకి మీ బ్యాంకులో అడగండి, అందులో కిశోర్ అనే రకం కింద 5 లక్షల దాకా ఇస్తారు. 2025 సెప్టెంబరు 22 నుంచి గూడ్స్ బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది. కొనే ఆలోచన ఉంటే కొత్త ధరలు అడిగి చూడండి, పోయినేడు విన్న ధరతో లెక్క వేయకండి.

మధిర టెంట్ హౌస్:

అందరికీ పేరుపేరునా దండాలు. నిన్న ఆదివారం బండి కింద పడుకుని స్క్రూడ్రైవర్‌తో పొడిచాను. ఛాసిస్ గట్టిగానే ఉంది, వెనక లోడ్ బాడీ రేకు మాత్రం రెండు చోట్ల తుప్పు పట్టింది. మీటర్ పనిచేయడం లేదు. డీజిల్ బిల్లులు కలిపి చూస్తే ఏడాదికి ఆరువేల కిలోమీటర్లకి కొంచెం తక్కువే. రేడియేటర్‌లో పోసేది మా బోరు నీళ్లే, పదేళ్లుగా.

డ్రైవర్ అన్నా, మీరు రాసింది చదివాక మా కుర్రాళ్లు లోడ్ మీద కూర్చున్న ఫొటో ఒకటి ఫోన్లో కనిపించింది. నేనే తీశాను. ఈ సీజన్ నుంచి వాళ్లకి ఆటో మాట్లాడతాను, ఆ కిరాయి కస్టమర్ బిల్లులో రాస్తాను. ఒప్పుకోని కస్టమర్ ఉంటే నేనే పెట్టుకుంటాను.

అక్కా, మీ భయం నాకూ ఉంది. పక్కూళ్లో అప్పడాల వ్యాపారి దగ్గర ఏస్ ఉంది, ముహూర్తం రోజుల్లో అతనికి పెద్ద పని ఉండదు. తేదీలు ముందే ఇచ్చి, బండి నిలబెట్టినందుకు రోజుకు 500, వాడితే పూర్తి కిరాయి అని మాట్లాడుకున్నాను.

వంటల కాంట్రాక్టు, తెనాలి:

మాట మీద నమ్మకం పెట్టుకోకు తమ్ముడూ. నాకూ ఒకాయన అలాగే మాటిచ్చాడు, ఫోన్ చేస్తే తిరుపతిలో ఉన్నానన్నాడు. ముందు రోజు రాత్రికే ఆ బండి తాళం నీ ఇంట్లో ఉండాలి. అలా కుదరకపోతే కొత్తది కొను. నా అభిప్రాయం మారలేదు.

ఆటోనగర్ మెకానిక్, విజయవాడ:

తాళం సంగతి అక్క బాగా చెప్పారు. తమ్ముడూ, హెడ్ విప్పాక ఫొటో పెట్టు. వీల్ సిలిండర్లు, బ్రేక్ లైనింగ్ అదే రోజు మార్పించు, బండి ఎలాగూ షెడ్డులోనే ఉంటుంది.

మధిర టెంట్ హౌస్:

హెడ్ విప్పారు. పగులు లేదు, ఫేసింగ్ చేస్తే సరిపోతుందట. కానీ ఒక సిలిండర్ బోరు అరిగింది, రెండూ చేయించమన్నారు. బ్రేకులు, రేడియేటర్ కలిపి 58 వేలు అవుతోంది. అనుకున్నదానికంటే 13 వేలు ఎక్కువ. రేపు పొద్దున్నే రైలెక్కి బెజవాడ వస్తున్నాను, పిస్టన్ సెట్టు ఆటోనగర్‌లోనే తీసుకుంటాను. ఫిబ్రవరి చివర్లో మూడు పెళ్లిళ్లకి అడ్వాన్స్ పుచ్చుకున్నాను. అప్పడాల బండి తాళం ముందు రోజు రాత్రే ఇస్తానని ఒప్పుకున్నాడు.